చిన్నపిల్లలతో ఏడాదిపాటు ప్రపంచయాత్ర: ఒకే చుట్టుగా వద్దు, మూడు విడతలుగా వెళ్లండి

కావలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పెద్దపాపకు ఆరేళ్లు, చిన్నబాబుకు ఏడాదిన్నర. భార్యాభర్తలిద్దరికీ ఏడాది సెలవు దొరుకుతోంది. వచ్చే ఏప్రిల్‌లో బయల్దేరి, ప్రపంచమంతా చూసి, మళ్లీ ఏప్రిల్‌కు ఇల్లు చేరాలని కోరిక. విమాన సంస్థలు అమ్మే ప్రపంచం చుట్టే టికెట్టు కొనవచ్చా, పాప చదువు ఏమవుతుంది, పరాయి దేశంలో పిల్లలకు జబ్బు చేస్తే ఎలా, అత్తగారు వద్దంటున్నారు, ఆమెకు ఏం చెప్పాలి, అసలు దేనితో మొదలుపెట్టాలి అని ఆమె అడిగారు.

మాది ఒంగోలు. మా ఇద్దరు పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడే మేమూ ఇలా ఏడాది తిరిగాం. ఆ తర్వాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఇలా బయల్దేరిన కుటుంబాలకు కాగితాలు సిద్ధం చేసుకోవడంలో సాయపడుతున్నాను. అందుకే మొహమాటం లేకుండా మొదటి మాటే చెబుతాను. ఈ యాత్రను ఒకే చుట్టుగా వేసుకోకండి. మూడు విడతలు చేయండి. ఒక్కో విడత రెండున్నర, మూడు నెలలు. ప్రతి విడత తర్వాత, పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికి వచ్చి వెళ్లినట్టు, కావలికి వచ్చి కొన్ని వారాలుండి మళ్లీ బయల్దేరండి.

ఇది పిల్లల కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. అసలు కారణం మన పాస్‌పోర్టు. ఐరోపా, అమెరికా వాళ్లు రాసే యాత్రా సలహాలు చదివి చాలామంది దారి గీసుకుంటారు. వాళ్లకు చాలా దేశాల్లో వీసా అవసరం లేదు కాబట్టి ఒక ఊళ్లో కూర్చుని వచ్చే నెల ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోగలరు. మనకు అలా కుదరదు. ఐరోపాలోని చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసానే చూడండి. ప్రయాణానికి 6 నెలల కంటే ముందు దరఖాస్తు తీసుకోరు. సాధారణంగా మనం నివసించే దేశంలోనే దరఖాస్తు చేయాలి, అంటే మీకు ఇక్కడే, భారతదేశంలో. జపాన్‌లో పర్యాటకులుగా ఉండి ఫ్రాన్స్ వీసా అడిగితే, మీ దేశంలో అడగండి అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఒకవేళ తీసుకున్నా, పరిశీలన పూర్తయ్యేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. అన్ని రోజులూ చంకలో బిడ్డతో ఆ దేశం దాటలేరు. ఏడాదికి కావలసిన వీసాలన్నీ బయల్దేరే ముందే తీసుకోవడమూ సాధ్యం కాదు. చివరి దేశాలకు వెళ్లే సమయానికి వాటి గడువు ముగిసిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. వీసా అధికారి మనసులో ఉండే పెద్ద అనుమానం, వీళ్లు తిరిగి వెళ్తారా లేదా అన్నదే. ఉద్యోగాల్లో ఏడాది సెలవు, పిల్లల బడి మానిపించారు, తిరుగు టికెట్టు ఎప్పటికో, పైగా ఇంకో దేశం నుంచి. ఇలాంటి దరఖాస్తు ఎంత నిజాయితీగా ఉన్నా అనుమానానికి తావిస్తుంది. అదే కుటుంబం, చెన్నై నుంచి వెళ్లి చెన్నైకి వచ్చే టికెట్టు, ఎనభై రోజుల ప్రణాళిక, సెలవు మంజూరు చేసిన ఉత్తరం, పాప బడి నుంచి ఒక లేఖ పెడితే, చదివేవారికి అది అర్థమయ్యే ప్రయాణంలా కనిపిస్తుంది. మొదటి విడతకు వెళ్లి గడువులోపల తిరిగి వచ్చిన ముద్రలు రెండో విడత వీసాకు మీ తరఫున మాట్లాడతాయి.

ప్రపంచం చుట్టే టికెట్టుకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అది బయల్దేరిన దేశానికే చివర చేర్చే టికెట్టు. తూర్పుకో పడమరకో ఒకే దిశలో సాగాలి. ఒక పెద్ద విమాన కూటమి అమ్మేదానిలో 15 మజిలీల వరకు, ఏడాది గడువుతో దొరుకుతుంది. కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ మధ్యలో ఒక వీసా ఆగితే గొలుసంతా తెగుతుంది. మీకు అది వద్దు. విడతకొక రానుపోను టికెట్టు చాలు. బాబు విషయం ఒకటి గుర్తుంచుకోండి. రెండేళ్లు నిండేవరకు ఒళ్లో కూర్చోబెట్టుకుని తక్కువ ఛార్జీతో తీసుకెళ్లవచ్చు. నిండిన రోజు నుంచి సీటు కొనాలి. వెళ్లేటప్పుడు ఏడాదీ పదకొండు నెలలు, వచ్చేటప్పుడు రెండేళ్లు దాటితే తిరుగు ప్రయాణానికి సీటు తప్పదు.

ఇక కాగితాలు. నేను చూసిన కుటుంబాల్లో ఎక్కువ కాలం తినేసినవి వీసాలు కాదు, పేర్లు. మన జిల్లాల్లో బిడ్డ పుట్టగానే జనన నమోదు జరుగుతుంది, కానీ పేరు గడి ఖాళీగా ఉంటుంది, బారసాల తర్వాత రాయిద్దాంలే అని వదిలేస్తారు. ముందు పురపాలక సంఘానికో పంచాయతీకో వెళ్లి పేరు ఎక్కించండి. నమోదైన ఏడాదిలోపు రుసుం లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుంతో ఎక్కిస్తారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు దరఖాస్తులో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. మీ బాబు అందులోకి వస్తాడు. ఆధార్ చూపిస్తాం, ఆసుపత్రి కాగితం చూపిస్తాం అంటే కుదరదు.

పేరు రాయించేటప్పుడు ఇంటిపేరును ఒక్క అక్షరంగా కుదించకండి, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న వారిని సందర్శక వీసాపై రానివ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో చెప్పింది. దుబాయిలో నాలుగు రోజులు ఆగి వెళ్దామనుకునే మనవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకున్నారు. మీ పాస్‌పోర్టులో మీ పుట్టింటి పేరు ఉండి, పిల్లలకు వాళ్ల నాన్నగారి ఇంటిపేరు ఉంటే మార్చుకోనక్కరలేదు. కానీ తల్లిదండ్రులిద్దరి పేర్లు ఇంగ్లీషులో స్పష్టంగా ఉన్న జనన ధ్రువపత్రాన్ని ఎప్పుడూ చేతిసంచిలో ఉంచుకోండి. సరిహద్దు అధికారి మీ పేరూ పాప పేరూ కలవడం లేదని అడిగితే ఆ కాగితమే జవాబు. ఇద్దరిలో ఒకరు మధ్యలో వెనక్కి రావలసి వస్తే, రెండోవారు పిల్లలతో ఒంటరిగా ప్రయాణించేందుకు అంగీకార పత్రం నోటరీ చేయించి ఇద్దరూ చెరొకటి ఉంచుకోండి. అది అవసరం రాకపోతే సంతోషమే.

పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే ఇస్తారు. పాపకు పాలు తాగే వయసులో తీసినది ఉంటే ఇప్పుడు దాని గడువు చూడండి. చాలా దేశాలు లోపలికి వచ్చే రోజు నుంచి కనీసం 6 నెలల గడువు అడుగుతాయి. పైగా ఆ ఫొటోలోని పసిబిడ్డకూ ఇప్పటి పాపకూ పోలిక ఉండదు. గడువు మిగిలి ఉన్నా కొత్తది తీయించడం నయం. నెల్లూరు, ఒంగోలు పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో పని అవుతుంది. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే ప్రకటన పత్రం కావాలి. మీ ఇద్దరి పుస్తకాలూ మార్చాల్సి ఉంటే 60 పేజీలవి అడగండి. పాపకు ఐదేళ్లు దాటాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు నమోదు చేయించారో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

డబ్బు రుజువుల గురించి మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటి. ఇక్కడ చాలామందికి పొలం నుంచో రొయ్యల చెరువుల నుంచో రాబడి ఉంటుంది. అది ఖాతాలో ఏడాదికి రెండు మూడు సార్లు పెద్ద మొత్తంగా పడుతుంది. బ్యాంకు పుస్తకం చూసే విదేశీ అధికారికి అది ఎవరో అప్పు తెచ్చి వేసిన డబ్బులా కనిపిస్తుంది. భూమి రికార్డులైన అడంగల్, 1-బి నకళ్లు, పంటో రొయ్యలో అమ్మిన రసీదులు, వ్యవసాయ ఆదాయం చూపించిన ఆదాయపు పన్ను పత్రాలు జతచేసి, ఏ తేదీన ఏ మొత్తం ఎందుకు వచ్చిందో ఒక పేజీలో రాసి పెట్టండి. యాత్ర కోసం స్థలం అమ్మి ఉంటే ఆ దస్తావేజు నకలు కూడా పెట్టండి. దాచిపెట్టిన డబ్బు కంటే వివరించిన డబ్బుకు విలువ ఎక్కువ.

విదేశీ కరెన్సీ కార్డులో వేసే మొత్తం, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం కింద లెక్కకు వస్తుంది. ప్రస్తుతం ఒక మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద 20 శాతం ముందస్తు పన్ను పట్టుకుంటారు. అది రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. పరిమితి మనిషికి విడిగా ఉంటుంది కాబట్టి కార్డులు ఇద్దరి పేరునా తీసుకోండి. ఓటీపీలు వచ్చే సిమ్ కార్డును ఏడాదంతా బతికించి ఉంచండి. డబ్బు గురించి ఇంతకంటే చెప్పను, మీ ఖర్చు మీ అలవాట్లను బట్టి ఉంటుంది. సెలవులో ఉంటూ అప్పుడప్పుడు కంపెనీ పని చేద్దామనుకుంటే మాత్రం, పర్యాటక వీసా మీద పని చేయడాన్ని చాలా దేశాలు ఒప్పుకోవని తెలుసుకోండి.

విడతలు ఎలా పెట్టుకోవాలి? మీరు ఏప్రిల్ అన్నారు, మంచి నెల. బడి ముగుస్తుంది, రోహిణి కార్తె ఎండలు రాకముందే మీరు ఐరోపాలో ఉంటారు. షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, వచ్చిన రోజూ వెళ్లిన రోజూ రెండూ లెక్కే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. 6 ఏళ్లలోపు పిల్లలకు రుసుం లేదు, 12 ఏళ్లలోపు వారికి వేలిముద్రలు తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అక్కడికి కాలమానం తేడా వేసవిలో మూడున్నర గంటలే. పిల్లల నిద్ర నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. అందుకే మొదటి విడతకు ఐరోపా సరైనది. ఆ వీసా గడువు ఉండగానే జార్జియాకు కూడా వెళ్లవచ్చు, షెంగెన్ వీసా ఉన్న మనవాళ్లను ప్రత్యేక వీసా లేకుండా రానిస్తారు.

జులైలో ఇంటికి రండి. పిల్లల బరువు చూపించండి, పళ్లు చూపించండి, రెండో విడత వీసాలు వేయండి. సెప్టెంబరు చివర జపాన్, అక్కడి నుంచి మలేషియా, థాయిలాండ్. డిసెంబరు మొదట్లో తిరిగి వచ్చి సంక్రాంతి అయ్యేదాకా ఉండండి. పిల్లలకు గొబ్బెమ్మలు, గంగిరెద్దులు ఒక ఏడాది తప్పిపోకూడదు. ఇది నా పట్టుదల. మూడో విడతకు రెండు దారులున్నాయి. ఒకటి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. రెండోది దక్షిణ అమెరికా. రెండూ కలపకండి. రెండేళ్ల బిడ్డతో ఒకే విడతలో అంత దూరాలు పెట్టుకోవడం నాకు నచ్చదు.

నన్నడిగితే బ్రెజిల్‌కు ఓటు వేస్తాను. ఒంగోలు గిత్తల వంశం అక్కడ నెలోరి పేరుతో కోట్ల సంఖ్యలో ఉంది. ఆ దేశపు మాంసం పశువుల్లో అత్యధిక భాగం అవే. పేరు వచ్చింది మన నెల్లూరు నుంచే. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఉబెరాబా పట్టణంలో ఈ పశుజాతుల కోసం ఒక ప్రదర్శనశాల కూడా ఉంది. తెల్లటి మూపురం చూడగానే పిల్లలు గుర్తుపడతారు, ఇవి మన ఊళ్లో ఉన్నాయి కదా అంటారు. ప్రపంచయాత్ర పిల్లలకు మిగిల్చేది ఇలాంటి ఎరుకే. ఎత్తైన గోపురాలూ కోటలూ వాళ్లకు పట్టవు. పులికాట్‌లో చూసిన రాజహంసలను (ఫ్లెమింగోలను) కెన్యా సరస్సుల దగ్గర మళ్లీ చూస్తే ఆ ఆనందం వేరు. దారి వేసుకునేటప్పుడు పిల్లలకు తెలిసిన ఒక వస్తువో జంతువో ప్రతి దేశంలో ఎదురయ్యేలా చూడండి.

అయితే బ్రెజిల్ అన్నా కెన్యా అన్నా పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా మాట వస్తుంది, ఇందులో మన దేశం చాలా కఠినం. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే 6 రోజుల వరకు వేరుగా ఉంచుతారు. చంటిబిడ్డతో ఆ అవస్థ ఊహించుకోండి. టీకా 9 నెలలు నిండిన పిల్లలకు వేస్తారు. వేసిన 10 రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుందని 2016 జులై నుంచి అమల్లో ఉంది. మనకు దగ్గరగా వేసేది చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో. పాస్‌పోర్టు చూపించాలి, ముందుగా సమయం తీసుకోవాలి. గుడ్డు తింటే తీవ్రంగా పడని పిల్లలుంటే వైద్యుడికి ముందే చెప్పాలి. ఇంకో ముఖ్యమైన మాట: తట్టు, రుబెల్లా టీకాకూ దీనికీ మధ్య నాలుగు వారాల ఎడం ఉంచడం మంచిది. మీ బాబుకు 16 నుంచి 24 నెలల మధ్య తట్టు, రుబెల్లా రెండో మోతాదు పడాలి. రెండింటి తేదీలను పిల్లల వైద్యుడితో కూర్చుని కేలెండర్‌లో రాయించుకోండి. ఇది చివరి నెలకు వదిలేస్తే సర్దలేరు.

అంగన్‌వాడీలో వేసే టీకాలన్నీ సక్రమంగా పడి ఉన్నా, కొన్ని ప్రభుత్వ జాబితాలో లేవు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ఆటలమ్మ, గవదబిళ్లల టీకాల గురించి అడగండి. ఆరేళ్ల పాపకు డీపీటీ రెండో బూస్టరు పడిందేమో చూడండి. కుక్కల్ని చూస్తే చేయి చాపే వయసు కాబట్టి రేబిస్ ముందస్తు టీకా కూడా ఆలోచించదగినదే. తల్లీబిడ్డల కార్డులో చేతిరాతతో ఉన్న వివరాలన్నింటినీ ఇంగ్లీషులో టైపు చేయించి, వైద్యుడి ముద్ర వేయించండి. ఆ కార్డు మనకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

జబ్బు చేస్తే ఎలా అన్నారు. పిల్లలకు ఎక్కువగా వచ్చేవి ఇక్కడ వచ్చేవే: విరేచనాలు, జలుబు, చెవినొప్పి, జ్వరం. ఓఆర్ఎస్ పొట్లాలు, జింకు, పారాసిటమాల్, జ్వరమాపిని, ఇద్దరి తాజా బరువు రాసిన చీటీ. పారాసిటమాల్ మోతాదు ఒక్కసారికి కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, వయసును బట్టి కాకుండా బరువును బట్టి లెక్కించాలి. అందుకే ప్రతి విడతకు ముందు బరువు చూడమన్నాను. మందులన్నీ అసలు పెట్టెల్లోనే, మందుల చీటీతో తీసుకెళ్లండి. మనం మామూలుగా వాడే కొన్ని జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ మోతాదు మించితే జపాన్‌లో నిషేధం.

బీమా దగ్గరా విడతల పద్ధతే కలిసి వస్తుంది. ఏడాదికి ఒకేసారి తీసుకునే ప్రయాణ పాలసీలు ఎన్ని ప్రయాణాలనైనా ఒప్పుకుంటాయి, కానీ ఒక్కో ప్రయాణానికి రోజుల పరిమితి పెడతాయి. మీ విడత ఆ పరిమితిలో ఉందో లేదో కొనేముందే చదవండి. పాలసీ ఇక్కడ ఉండగానే తీసుకోవాలి. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా పునరుద్ధరణ తేదీ మీరు బయట ఉన్నప్పుడు వస్తే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తప్పించకండి. పాత జబ్బులకు బీమా వర్తించడానికి ఇన్నేళ్లు ఆగిన నిరీక్షణ కాలం వృథా అవుతుంది.

కారు సీటు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మనం పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రయాణించడానికి అలవాటుపడ్డాం. ఐరోపాలో, జపాన్‌లో, ఆస్ట్రేలియాలో అది నేరం, అంతకు మించి ప్రమాదం. జర్మనీలో 12 ఏళ్లు నిండేవరకు లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు పిల్లల సీటు ఉండాలి. అంటే మీ ఆరేళ్ల పాపకూ కావాలి. ప్రయాణానికి కొన్ని నెలల ముందే ఇక్కడ ఒక సీటు కొని, కావలి నుంచి నెల్లూరుకు వెళ్లేటప్పుడల్లా బాబును అందులో కూర్చోబెట్టండి. మొదటి వారం ఏడుస్తాడు, తర్వాత అలవాటుపడతాడు. ఆ ఏడుపు పరాయి దేశపు రహదారి మీద కాకుండా మన ఊళ్లో అయిపోవాలి. మీరే కారు నడపాలనుకుంటే రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది ఏడాదికి మించి ఉండదు, కాబట్టి బయల్దేరే ముందు తీసుకుంటే యాత్రంతటికీ సరిపోతుంది.

తిండి గురించి తల్లులు అడగకుండా ఉండరు, నేను చెప్పకుండా ఉండలేను. వంటగది, బట్టలు ఉతికే యంత్రం ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. హోటలు గదులు పిల్లలకు పనికిరావు. చిన్న విద్యుత్ కుక్కరు తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది. ఐరోపాలో పనిచేస్తుంది. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన 230 వోల్టుల కుక్కరు అక్కడ అన్నం ఉడికించలేదు. బ్రెజిల్‌లో ఊరిని బట్టి 127, 220 రెండూ ఉంటాయి. కాబట్టి కుక్కరు మొదటి విడతకే. పెరుగు తోడు పెట్టడానికి తీపి కలపని పెరుగు ఏ దేశంలోనైనా దొరుకుతుంది. పెరుగన్నం ఉంటే మన పిల్లలు ఎక్కడైనా ఒక పూట గడుపుతారు. కందిపొడి, రాగిపిండి, చింతపండు చాలు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు మాత్రం ఏ తినుబండారం తీసుకెళ్లినా అక్కడ దిగేటప్పుడు నింపే పత్రంలో రాసి చూపించాలి. చూపిస్తే తీసుకుంటే తీసుకుంటారు, లేదా ఇచ్చేస్తారు. చెప్పకుండా పట్టుబడితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కరివేపాకు రెమ్మ, ఉలవపాడు మామిడిపండు సంచిలో ఉండిపోకుండా చూడండి. అత్తగారు ప్రేమతో ఎక్కడో ఒక మూల పెట్టేస్తారు.

పాప చదువు గురించి అంతగా భయపడకండి. ఒకటో తరగతి, రెండో తరగతి మధ్య ఏడాదిలో జరిగే నష్టం అక్షరాలు, కూడికలు మరిచిపోవడమే. రోజుకు గంట చదివిస్తే అది కూడా జరగదు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి వాటిని ఉచితంగా అందుబాటులో ఉంచింది. గణితం, తెలుగు పుస్తకాలు రెండూ ముద్రించి తీసుకెళ్లండి, మిగతావి ఫోనులో ఉంచండి. ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, తెలుగు రాతే జారిపోతుంది. ప్రతి ఊరి నుంచి నాయనమ్మకు తెలుగులో ఒక ఉత్తరం రాయించండి, పోస్టులో వేయించండి. వెళ్లే ముందు బడి నుంచి బదిలీ పత్రం తీసుకోవాలా, సీటు ఉంచుతారా అన్నది యాజమాన్యంతో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏ కారణంచేతనైనా ఆ బడి కాదంటే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు వయసుకు తగ్గ తరగతిలో చేరవచ్చు, చేరేటప్పుడు వడపోత పరీక్ష పెట్టకూడదు. ఏడాది పోయిందని పాపను వెనక తరగతిలో కూర్చోబెట్టడానికి ఒప్పుకోకండి.

అత్తగారికి ఏం చెప్పాలన్నారు. చెప్పడం కంటే చూపించడం మేలు. ఏడాదిపాటు మనవళ్లు కనిపించరు అన్నదే ఆమె బాధ. మూడు నెలలకోసారి వస్తారంటే సగం బాధ తగ్గుతుంది. రెండో విడతలో మలేషియాకో థాయిలాండ్‌కో ఆమెను, మామగారిని పదిహేను రోజులకు రప్పించండి. చెన్నై నుంచి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. పెద్దవాళ్లు వచ్చిన ఆ రోజుల్లో మీ ఇద్దరికీ కాస్త ఊపిరి దొరుకుతుంది, అది కూడా అవసరమే. మీరు లేనప్పుడు పొలం, అద్దెలు, బ్యాంకు పనులు చూసే వారికి పరిమిత అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రాసివ్వండి. మీ ఇద్దరికీ ఏమైనా జరిగితే పిల్లల్ని ఎవరు చూస్తారో వీలునామాలో రాయండి. ఈ మాట ఎత్తడానికి అందరూ వెనకాడతారు, అశుభమంటారు. పిల్లలున్నవారు రాయకుండా విమానం ఎక్కకూడదని నా నమ్మకం.

రోజు ఎలా గడపాలన్నది కాగితాలన్నింటి కంటే పెద్ద విషయం. ఒక ఊళ్లో కనీసం రెండు వారాలు, కుదిరితే నెల. రోజుకు ఒక్కటే చూడదగినది, అదీ ఉదయం పూట. మధ్యాహ్నం నిద్ర ఇక్కడెలా ఉందో అక్కడా అలాగే. ఏమీ చూడని రోజులు వారంలో రెండు ఉండాలి. ఆ రోజుల్లో పార్కులో ఉయ్యాల, అంగడికి నడక, అంతే. ఇక్కడినుంచి బయల్దేరే ముందు ఒక సన్నాహక యాత్ర చేయండి. ముందు రైల్లో నాలుగైదు రోజుల ప్రయాణం, తర్వాత చెన్నై నుంచి కొలంబోకు పది రోజులు. గంటన్నర కూడా పట్టని విమానం, కొత్త సరిహద్దు, కొత్త మంచం, కొత్త తిండి, అన్నీ చిన్న మోతాదులో తెలుస్తాయి. ఏ సంచి బరువైంది, ఏ బొమ్మ లేకుండా బాబు నిద్రపోడు, ఎవరికి ఓపిక ముందు తగ్గుతుంది, అక్కడే తేలుతుంది. తెల్లవారుజామున విమానం ఉంటే ముందు రోజే చెన్నై చేరి విశ్రాంతి తీసుకోండి. కావలి నుంచి రాత్రంతా కారులో వెళ్లి నేరుగా విమానం ఎక్కకండి.

ఇక మిగిలింది తిరిగి వచ్చాక చూసుకోవాల్సిన సంగతి. దోమల ద్వారా మలేరియా వచ్చే ప్రాంతాలకు వెళితే వైద్యుడు ఇచ్చిన మందును వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడాలి, మధ్యలో మానకూడదు. ఇంటికి వచ్చిన ఏడాదిలోపు పిల్లలకు ఎప్పుడు జ్వరం వచ్చినా, అది మామూలు జ్వరంలా కనిపించినా, కావలిలో చూసే వైద్యుడికి మొదటి మాటగా మీరు తిరిగిన దేశాల పేర్లు, అక్కడున్న నెలలు చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగవద్దు.